తుడిచిన మర్నాటి నుంచి మీటలు లేవడం లేదు

ఒక పాఠకురాలు రాసిన పెద్ద ఉత్తరానికి క్లుప్తరూపం ఇది. ఎనిమిది నెలల కిందట వాళ్ల పెద్దమ్మ చిన్న ఇంటికి మారుతూ, ముప్పయ్యేళ్లు తాను వాయించుకున్న అప్‌రైట్ (నిలువుగా ఉండే) పియానోను ఈమెకు ఇచ్చేశారు. హాల్లో ఖాళీగా ఉన్న చోటు ఒక్కటే, బయటి గోడకు ఆనించి కిటికీ పక్కన. దాని మీద ఇప్పుడు కూతురు నేర్చుకుంటోంది. పోయిన వారం చుట్టాలు వస్తున్నారని, పసుపెక్కిన మీటల మీద అద్దాలు తుడిచే స్ప్రే కొట్టి, తడిబట్టతో గట్టిగా రుద్దారు. బట్టకు నల్లరంగు అంటింది. మర్నాటికి మధ్యలో మూడు మీటలు నొక్కితే కిందే ఉండిపోతున్నాయి. మూత మీద స్ప్రే పడిన చోట మబ్బు పట్టినట్టయింది. పూలకుండీ పెట్టిన చోట తెల్లటి వలయం. భర్త తలుపు బందులకు కొట్టే నూనె స్ప్రే తెచ్చి "రెండు నిమిషాల పని" అంటే ఈమె ఆపారు. కింది పలక తీసి చూస్తే బూజు, దుమ్ము, రెండు హెయిర్‌పిన్నులు, ముక్కిన వాసన. ట్యూనర్‌కు ఫోన్ చేస్తే "ముందు చెమ్మ సంగతి చూసుకోండి, తర్వాత రెండుసార్లు ట్యూన్ చేయాలి" అన్నాడు. అది డబ్బు గుంజడానికేనని భర్త అనుమానం. ఆరు వారాల్లో పెద్దమ్మ వస్తున్నారు. "ఆవిడ కూర్చుని నాలుగు స్వరాలు వాయిస్తే చాలు, నేనేం చేశానో తెలిసిపోతుంది. నేను దీన్ని పాడుచేశానా? మీటలు తెల్లగా అవుతాయా? ఆవిడకు చెప్పాలా, చెప్పకుండా బాగుచేయించాలా?" అని అడుగుతున్నారు.

మీరు పియానోను పాడుచేయలేదండీ. మూడు మీటలకు నీళ్లు తాగించారు, అంతే. దానికి మందు ఉంది. నూనె కొట్టి ఉంటే మాత్రం ఈ జవాబు వేరేలా ఉండేది. కాబట్టి ముందు ఆ స్ప్రే డబ్బాను మీవారి చేతికి అందని చోట పెట్టండి.

ఆయన ఆలోచన మరీ వింతదేం కాదు. ఇనుప బందు బిగిస్తే నూనె వేస్తాం, అది వదులవుతుంది. పియానోలో కదిలే చోట్లు అలాంటివి కావు. చెక్కలో రంధ్రం, దానికి లోపల ఉన్ని ఫెల్ట్ పూత, ఆ ఫెల్ట్ మధ్య సుమారు 1.3 మిల్లీమీటర్ల మందమున్న లోహపు పిన్ను. ఇలాంటివి ఒక్కో మీట వెనక కొన్ని ఉంటాయి. నూనె తగిలితే ఫెల్ట్ దాన్ని పీల్చుకుని ఉబ్బుతుంది. రెండు రోజులు బాగున్నట్టే ఉంటుంది, తర్వాత దుమ్ము కలిసి జిగురవుతుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం పైన ఉంది. తీగలు చుట్టిన ట్యూనింగ్ పిన్నులు పిన్‌బ్లాక్ అనే చెక్క దిమ్మలో రాపిడి బలంతోనే నిలబడి ఉంటాయి. స్ప్రే తుంపర అక్కడికి చేరితే పిన్ను జారుతుంది, ట్యూన్ చేసిన తీగ నిలవదు. అప్పుడు కాస్త లావు పిన్నులు వేసి తీగలు మళ్లీ చుట్టాలి, లేదా దిమ్మే మార్చాలి. పాత పియానోకు ఆ ఖర్చు పెట్టేవాళ్లు తక్కువ. సిలికాన్ కలిసిన ఫర్నిచర్ పాలిష్ స్ప్రేలకూ ఇదే మాట.

ఇక ఆ మూడు మీటలు. మీట అంటే పైకి కనిపించే తెల్లటి పలక ఒక్కటే కాదు. దాని కింద పొడుగాటి చెక్క ఉంటుంది. అది మధ్యలో ఒక పిన్ను మీద తూగుతుంది, ముందు భాగం పక్కలకు ఊగకుండా ఇంకో పిన్ను పట్టుకుంటుంది. రెండు చోట్లా రంధ్రాల్లో ఫెల్ట్ బుషింగ్, అంటే లోపలి పూత, ఉంటుంది. పిన్నుకూ ఫెల్ట్‌కూ మధ్య సందు ఉందా లేదా అన్నంత సన్నం. మీరు కొట్టిన స్ప్రే మీటల మధ్య నుంచి కిందికి దిగి ఆ ఫెల్ట్‌నూ చుట్టూ ఉన్న చెక్కనూ తడిపింది. రెండూ ఉబ్బి పిన్నును బిగబట్టాయి.

అయితే అన్నీ మీ తడిబట్ట మీదికే తోయకండి, పరీక్ష చేసి చూడండి. పట్టేసిన మీటను వేళ్లతో పట్టుకుని పక్కలకు కదపండి. మంచి మీట కాస్త 'టిక్' మన్నట్టు కదులుతుంది, బిగిసిన మీట అసలు కదలదు. తర్వాత దాన్ని నొక్కి వదిలి, కిందే ఉండిపోతే ముందు అంచు పట్టుకుని మెల్లగా పైకెత్తండి. రాసుకుంటున్నట్టు బిగువుగా లేస్తే లోపం మీటలోనే. తేలిగ్గా లేచి, పైమూత తెరిచి చూస్తే సుత్తి మాత్రం తీగల దగ్గరే ఆగిపోయి ఉంటే లోపం పైన యాక్షన్‌లో (మీట నొక్కితే సుత్తిని కదిపే యంత్రాంగంలో), సుత్తి తిరిగే పిన్ను దగ్గర. మీ స్ప్రే అంత పైకి పోదు. అది గది చెమ్మ పని. రెండు మీటల మధ్య సందులో పెన్సిల్ ముక్కో నాణెమో ఇరుక్కుందేమో టార్చ్ వేసి చూడటం మర్చిపోకండి. పిల్లలున్న ఇంట్లో ఇది మామూలే. తడిబట్ట తగలని రెండు చివర్ల మీటలు కూడా బద్ధకంగా లేస్తుంటే, దోషం మీ చేతిది కాదు, కిటికీ పక్కనున్న గోడది.

మీటలే బిగిసి ఉంటే తొందరపడాల్సిన పని లేదు. మీటల మూత తెరిచి ఉంచి, గదిలో గాలి ఆడేలా చూసి, వారం రోజులు వదిలేయండి. చాలాసార్లు వాటంతట అవే తేరుకుంటాయి. హెయిర్ డ్రయర్ మాత్రం వద్దు. వేడికి ప్లాస్టిక్ వంగుతుంది, అతుకుల జిగురు ఊడుతుంది, చెక్క ఒకపక్కే ఎండి మెలితిరుగుతుంది. వారం తర్వాత కూడా లేవకపోతే టెక్నీషియన్ మీట బయటికి తీసి, ప్రత్యేకమైన పటకారుతో ఆ ఫెల్ట్‌ను వెంట్రుకవాసి అదుముతాడు. ఒక్కో మీటకు కొద్ది నిమిషాల పని.

తెల్లగా చేయడం గురించి. ముందు ఆ మీటల పైపూత ఏమిటో తెలుసుకోవాలి. వాటిని దగ్గరగా, వెలుతురులో ఏటవాలుగా చూడండి. వెడల్పాటి ముందుభాగం, నల్లమీటల మధ్యకు పోయే సన్నటి భాగం వేరువేరు ముక్కలై, అవి కలిసే చోట వెంట్రుక లాంటి అడ్డగీత ఉండి, పైన చెక్కలో ఉన్నట్టు సన్నటి రేఖలు కనిపిస్తే అది ఏనుగుదంతం. అతుకు లేకుండా ఒకటే నున్నటి పలక అయితే సెల్యులాయిడ్ గానీ తర్వాతి కాలపు ప్లాస్టిక్ గానీ.

దంతం చీకట్లో పసుపెక్కుతుంది. మూత తెరిచి ఉంచి, నేరుగా ఎండ తగలకుండా వెలుతురు పడనిస్తే ఆ రంగు ముదరడం నెమ్మదిస్తుంది. కాకపోతే దుమ్ము పడుతుంది, కాబట్టి రోజూ పొడిగుడ్డతో దులపాలి. ఈ రెంటిలో ఏది మేలో మీ ఓపికను బట్టి ఉంటుంది. పెరాక్సైడ్ పూస్తే తెల్లబడుతుందని మీకు ఎవరో ఒకరు చెప్పే తీరుతారు. దంతపు ముక్కల కింద ఉండేది తడికి కరిగే జంతు జిగురు. తడి ఎక్కువైతే ముక్క అంచులు పైకి లేస్తాయి, తర్వాత ఊడి చేతికొస్తుంది. నిమ్మరసం లాంటి పులుపు దంతాన్నే తింటుంది. టూత్‌పేస్టు, వంటసోడా గీతలు పెడతాయి, ఆ గీతల్లో మళ్లీ మురికి చేరుతుంది. ప్లాస్టిక్ పసుపెక్కడం వేరు సంగతి. అది పైన పట్టిన మురికి కాదు, పదార్థమే ముదిరి మారిన రంగు. ఎంత తుడిచినా పోదు. బఫింగ్ చేసో, పైపలకలు మార్పించో తెల్లగా చేసుకోవచ్చు గానీ నా ఓటు అలాగే ఉంచేయడానికే. పాత పియానోకు లేత పసుపు మీటలు రోగం కాదు.

దంతమే అయితే ఇంకో మాట. 1989లో సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద ఆఫ్రికా ఏనుగు దంతం అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించారు. అందుకని దంతపు మీటలున్న పియానోను అమ్మాలన్నా దేశం దాటించాలన్నా అనుమతులు అడ్డొస్తాయి. ఊడిన ముక్క ఉంటే పారేయకుండా కవరులో వేసి, ఏ మీటదో రాసి పెట్టుకోండి. మళ్లీ అతికించొచ్చు, కొత్తది దొరకడం కష్టం.

మామూలుగా తుడవడానికి ఇదీ పద్ధతి. రంగు వెలవని మెత్తటి నూలుగుడ్డలు మూడు తీసుకోండి. గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే తేలికపాటి ద్రవం రెండే చుక్కలు. గుడ్డ ముంచి, ఇక ఒక్క బొట్టు రాదన్నంత గట్టిగా పిండి, చేతి వెనక వైపు ఆనించి చూడండి. చల్లగా తగలాలి, తడి అంటకూడదు. అప్పుడు మీటల మీద లోపలి చివర నుంచి మీ వైపుకు లాగుతూ తుడవండి. అడ్డంగా తుడిస్తే మురికీ తడీ సందుల్లోకి పోతాయి. మీకు జరిగింది అదే. ఒకసారికి ఒక ఆక్టేవ్, అంటే ఏడు తెల్లవి. తుడిచిన వెంటనే రెండో పొడిగుడ్డతో ఆరబెట్టి, తర్వాత పక్క ఆక్టేవ్‌కు వెళ్లండి. నల్లవాటికి మూడో గుడ్డ విడిగా ఉంచండి, పొడిగానే చాలు. మీ బట్టకు అంటిన నలుపు వాటి రంగే. అదే గుడ్డతో తెల్లవి తుడిస్తే, ముఖ్యంగా దంతమైతే, ఆ మరక లోపలికి ఇంకుతుంది. స్ప్రే సీసా ఏదైనా సరే మీటల మీదికి గురిపెట్టకండి. చేతుల శానిటైజర్ తడి కూడా ప్లాస్టిక్ మీద సన్నటి పగుళ్లు తెస్తుంది. మీ పాప వాయించే ముందు చేతులు సబ్బుతో కడుక్కుని పొడిగా తుడుచుకుంటే మీకు ఈ పని నెలకోసారికి మించి ఉండదు.

మూత మీది మబ్బు రెండు రకాలు. అది స్ప్రే మిగిల్చిన పొర మాత్రమే అయితే, పైన చెప్పినట్టు పిండిన గుడ్డతో చెక్క గీతల వెంట ఒకసారి తుడిచి ఆరబెడితే పోతుంది. అద్దాల ద్రవంలోని అమోనియాయో ఆల్కహాలో పైపూతనే తిని ఉంటే పోదు. పాతకాలపు లక్క పాలిష్ అయితే ఆల్కహాలుకు కరుగుతుంది, వేలు ఆనిస్తే కాస్త జిగటగా తగులుతుంది. అలా ఉంటే ఇంకేమీ రుద్దకండి, అది పాలిష్ పనివాడి వంతు. అద్దంలా మెరిసే మందపాటి పాలియెస్టర్ పూత అయితే గట్టిది, తట్టుకుని ఉంటుంది. కుండీ వలయం పూతలోకి ఇంకిన చెమ్మ. కొన్ని వారాల్లో దానంతట అదే పలచబడుతుందేమో చూడండి. కుండీ మాత్రం అక్కడికి మళ్లీ రాకూడదు, కింద పళ్లెం పెట్టినా సరే.

కింది పలక తీయడం మీకు ఇప్పటికే తెలుసు. మళ్లీ తీసినప్పుడు మెత్తటి బ్రష్షు తగిలించిన వాక్యూమ్‌తో అడుగు భాగం శుభ్రం చేసుకోండి. పెడల్ కడ్డీలకూ స్ప్రింగులకూ తగలనీయకండి. తీగల్ని వట్టి చేత్తో తాకకండి. చెమట ఉప్పుకు ఉక్కు తుప్పు పడుతుంది, మంద్ర స్వరాల రాగి చుట్టిన తీగలు మూగబోతాయి. పైన సుత్తులు, తీగ మోతను ఆపే డాంపర్లు ఉన్న చోట మీరు చేయాల్సిందేమీ లేదు. అసలు మురికి మీటల కింద ఉంటుంది గానీ దానికి యాక్షన్ బయటికి తీసి, 88 మీటలూ ఎత్తాలి. వాటి చెక్క మీద 1 నుంచి 88 దాకా అంకెలు వేసి ఉంటాయి, ఏదీ ఇంకోదాని చోట సరిపడదు. ట్యూనర్ వచ్చినప్పుడే ఆ పని కూడా కలిపి చేయమనండి. లోపల ఫెల్ట్‌కు చిల్లులు ఉంటే చిమ్మెట పురుగు ఉన్నట్టు, అది ఆయనకు చూపించండి. కలరా ఉండలు మాత్రం మీ అంతట మీరు వేయకండి. ఆ వాసన చెక్కకు పట్టి ఏళ్లు పోయినా వదలదు.

ఇప్పుడు అసలు జబ్బు దగ్గరికొద్దాం. ఆ ముక్కిన వాసనే దాని గుర్తు. తీగల వెనకున్న సౌండ్‌బోర్డు స్ప్రూస్ చెక్కతో చేసిన పెద్ద పలుచటి పలక, మధ్యలో కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటుంది. గాలిలో చెమ్మ పెరిగితే ఇంకా ఉబ్బి తీగల్ని బిగిస్తుంది, స్వరం పైకి పోతుంది. ఆరితే దిగుతుంది, స్వరమూ దిగుతుంది. ఇలా ఏడాదంతా పైకీ కిందికీ ఊగుతుంటే ఏ ట్యూనింగూ నిలవదు. పియానోకు నప్పేది 40 నుంచి 50 శాతం సాపేక్ష ఆర్ద్రత. ఆ అంకె కచ్చితంగా నిలవడం కన్నా రోజురోజుకీ పెద్దగా మారకపోవడం ముఖ్యం. గాలిలో చెమ్మను కొలిచే హైగ్రోమీటర్ ఒకటి కొని పియానో మీద పెట్టి, పొద్దున్నా సాయంత్రమూ రెండు వారాలు అంకె రాసుకోండి. అది చూడకుండా ఏ యంత్రమూ కొనకండి.

మీ ముందు మూడు దారులున్నాయి. పియానోను లోపలి గోడకు మార్చడం ఒకటి. డబ్బు ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. గోడకూ దానికీ మధ్య జానెడు సందు వదలండి, ఏసీ గాలి నేరుగా తగలకుండా చూడండి. అప్‌రైట్ బరువు 200 కిలోలకు పైమాటే, ఆ బరువంతా వెనక్కి తూగుతుంది. పాత చక్రాలను నమ్మి మీరిద్దరే తోయకండి, మోసే అలవాటున్న మనుషుల్ని పిలవండి. చోటు లేదంటే రెండో దారి, గది గాలిలో చెమ్మను లాగే డీహ్యూమిడిఫయర్. పనిచేస్తుంది గానీ తలుపులు మూసి ఉంచాలి, నీళ్లు పారబోస్తూ ఉండాలి. మూడోది, పియానో అడుగున బిగించే చిన్న వేడి కడ్డీ. దానికి ఆర్ద్రతను బట్టి తనంతట తానే ఆగిపోయే హ్యూమిడిస్టాట్ తప్పక ఉండాలి. లేకపోతే పొడికాలంలో కూడా ఎండబెడుతూనే ఉంటుంది. అప్పుడు సౌండ్‌బోర్డు పగులుతుంది, పిన్నులు వదులవుతాయి. ఈ మూడోదాన్ని టెక్నీషియన్ చేతే పెట్టించాలి.

ట్యూనర్ మీద అనుమానం సంగతి. పియానోలో 220కి పైగా తీగలుంటాయి. అన్నిటి లాగుడూ కలిపితే 15 నుంచి 20 టన్నులు. ఏళ్ల తరబడి ట్యూన్ చేయనిది అయితే స్వరాలన్నీ కిందికి దిగి ఉంటాయి. దిగిన తీగల్ని ఒక పక్క నుంచి బిగిస్తూ పోతే సౌండ్‌బోర్డు మీద బరువు పెరిగి, ముందు సరిచేసిన తీగలు మళ్లీ దిగుతాయి. అందుకే మొదటి విడత అన్నిటినీ ముతకగా పైకి తెస్తారు, రెండో విడత సన్నంగా సరిచేస్తారు. ఇది ఈ వృత్తిలో అందరూ చేసే పనే. పైగా 'ముందు చెమ్మ చూసుకోండి' అన్న మనిషి డబ్బు గుంజేవాడిలా నాకు కనిపించడం లేదు. గుంజేవాడైతే రేపే వచ్చి ట్యూన్ చేసి, నెల తర్వాత అది దిగిపోయాక మళ్లీ పిలిపించుకునేవాడు. మీవారి తృప్తి కోసం ఫోన్‌లో మూడు ప్రశ్నలు అడగండి. వచ్చి చూశాక స్వరం ఎన్ని సెంట్లు దిగిందో చెబుతారా (100 సెంట్లయితే ఒక అర్ధస్వరం)? పిన్నులు గట్టిగా ఉన్నాయో లేదో పరీక్షిస్తారా? తీగలకు తుప్పు ఉంటే తెగే ప్రమాదం గురించి ముందే చెబుతారా? తడబడకుండా జవాబిస్తే ఆయన్నే పెట్టుకోండి. తుప్పు ఎక్కువగా ఉందని తేలితే, 440 హెర్ట్జ్ అనే ప్రామాణిక ఎత్తు దాకా లాగకుండా ఉన్న ఎత్తులోనే స్వరాలను ఒకదానికొకటి సరిచేయించుకోవచ్చు. తీగలు తెగే ప్రమాదం తక్కువ, ఒంటరిగా వాయించుకోవడానికి చక్కగా ఉంటుంది. ఇంకో వాద్యంతోనో రికార్డింగుతోనో కలిపి వాయిస్తే మాత్రం పొసగదు. మీ పాప నేర్చుకుంటోంది కాబట్టి ఆ నష్టం చిన్నదేం కాదు. దిగిన ఎత్తే ఆమె చెవికి అలవాటవుతుంది.

ఆరు వారాలు సరిపోతాయి. ఈ వారంలోనే చోటు మార్చండి. ఈలోగా మీటలు ఆరతాయి. కొత్త చోటి గాలికి చెక్క అలవాటు పడటానికి మూడు వారాలు వదిలేయండి. నాలుగో వారంలో ట్యూనర్ వస్తే మిగిలిన మీటలు సరిచేసి, అడుగు దుమ్ము తీసి, రెండు విడతలూ పూర్తి చేయొచ్చు. అంతకన్నా ముందే పిలిస్తే ఆ డబ్బు గాలిలో కలిసినట్టే.

మిగిలింది పెద్దమ్మ. చెప్పకుండా బాగుచేయించొచ్చు, అది తప్పేం కాదు. మీటలు, స్వరాలు సరిగ్గా ఉంటే వాయించేటప్పుడు ఆవిడకు తేడా తెలియదు. కానీ మూత మీది మబ్బు పోకపోతే కంటికి కనిపిస్తుంది, అప్పుడు ఆవిడ అడగకముందే మీ మొహం చెప్పేస్తుంది. వచ్చాక ఎదురుగా చెబుతానంటే ఆ ఆరు వారాలూ భయంతో గడపాలి. ఇప్పుడే ఫోన్ చేస్తే కాసేపు చివాట్లు పడొచ్చు. కానీ ఈ పియానో గురించి ట్యూనర్‌కు కావలసిన కబుర్లన్నీ ఉన్నది ఆవిడ దగ్గరే. అందుకే నేను మొగ్గేది ఈ దారికే. "పెద్దమ్మా, ఒక పొరపాటు చేశాను" అని మొదలుపెట్టి, తడిబట్ట సంగతి ఒక్క వాక్యంలో చెప్పేసి, వెంటనే ఇవి అడగండి: ఆఖరుసారి ఎప్పుడు ట్యూన్ చేయించారు, అప్పుడు ఎవరు వచ్చేవారు, తీగలు ఎప్పుడైనా తెగాయా, మీటలు దంతమా ప్లాస్టిక్కా, మధ్యలో ఆ మూడు మీటలు వానాకాలంలో ఇదివరకు కూడా ఇలాగే మొరాయించేవా. ఈ ఆఖరి ప్రశ్నకు ఆవిడ నవ్వేసి "అవునే, అవి ఎప్పుడూ అంతే" అంటే మీ గుండెల మీంచి సగం బరువు దిగుతుంది. హెయిర్‌పిన్నులు ఎవరివో కూడా అడగండి.